ఇరవై ఏళ్ల తర్వాత మళ్లీ రంగులు పట్టుకున్నా, ఈసారి మార్కర్లతో. చారలు, ఇంకు పాకడం, ఒంటి రంగు... సాయం చేయండి

కోటిపల్లిబస్టాండు (రాజమండ్రి):

అందరికీ నమస్కారమండీ. ప్రశ్న కొంచెం పొడుగు, ఓపిగ్గా చదివి చెప్పండి.

చిన్నప్పుడు డ్రాయింగ్ లోయరూ హయ్యరూ రెండూ పాసయినదాన్ని. వేసవి ట్రైనింగ్ కూడా చేసేసి ఏదో ఒక బళ్లో డ్రాయింగ్ టీచరుగా చేరిపోవాలని అప్పట్లో నా ప్లాను. పెళ్లి, ఇద్దరు పిల్లలు, కుట్టుమిషను, ఆ తర్వాత మగ్గం వర్కు. సర్టిఫికెట్లు బీరువాలో పట్టుచీరల కింద ఉన్నాయి. రంగులు ముట్టుకుని ఇరవై ఏళ్ల పైమాటే.

గీత మాత్రం పోలేదండోయ్. మా దగ్గరికొచ్చే జాకెట్లకి డిజైన్లన్నీ నేనే గీస్తాను. ట్రేసింగ్ పేపరు మీద పెన్సిలుతో నెమలో మామిడి పిందో వేసి, ఆ గీత పొడుగునా సూదితో దగ్గరదగ్గరగా బెజ్జాలు పొడిచి, గుడ్డ మీద పరిచి, కిరసనాయిల్లో కలిపిన పౌడరు దూదితో రుద్దితే చుక్కలు చుక్కలుగా డిజైను కిందికి దిగుతుంది. రోజూ చేసే పనే కాబట్టి వంపులు ఇప్పటికీ ఒక్క ఊపులో వచ్చేస్తాయి. రంగు దగ్గరకొచ్చేసరికే చెయ్యి బిగుసుకుపోతోంది.

సంక్రాంతికి మా తమ్ముడి కూతురు వచ్చినప్పుడు, తను కొని వాడకుండా పడేసిన అరవై మార్కర్ల సెట్టు తెచ్చి "అత్తా, నువ్వైతే వాడతావు" అని నా చేతిలో పెట్టింది. ఒక వైపు బ్రష్షు మాదిరి మెత్తటి మొన, ఇంకో వైపు ఏటవాలుగా కోసిన వెడల్పు మొన. మూత తీస్తే స్పిరిట్ వాసన. కంపెనీ పేరు నాకు నోరు తిరగలేదు. వేసవి సెలవుల్లో పెళ్లిళ్ల పని కాస్త సర్దుకున్నాక, మా అమ్మ ఇచ్చిన ఇత్తడి బిందె ఎదురుగా పెట్టుకుని మొదలెట్టాను.

పిల్లల డ్రాయింగ్ బుక్కులో వేస్తే వెనక పేజీకే కాదు, దాని కింద పేజీక్కూడా బిందె దిగింది. జెల్ పెన్నుతో వేసిన ఔట్‌లైను మార్కరు తగలగానే నల్లగా పాకిపోయింది. పొట్ట భాగం నున్నగా రావాల్సింది పోయి చారలు చారలుగా వచ్చింది. మూత మీద కనిపించే రంగొకటి, కాగితం మీద పడేది ఇంకొకటి. వీటన్నిటికన్నా చిరాకు ఏంటంటే ఒంటి రంగు. పుష్కర్ ఘాట్ దగ్గర పూలమ్మే ఒకావిడని పెన్సిలుతో వేశాను, బాగా కుదిరింది. రంగు వేద్దామని చూస్తే సెట్టులో "స్కిన్" అని రాసి ఉన్నవన్నీ గులాబీ ఛాయలే. మా వీధిలో ఆ రంగు మనిషిని నేను చూడలేదు.

వాటర్ కలరైతే పలచన కావాలంటే నీళ్లు, ఎక్కువైతే దూదితో అద్దడం. ఇక్కడ ఏం కలపాలి? ఏ కాగితం కొనాలి? జపాన్ వాళ్ల కాపిక్ మార్కర్లయితేనే బాగా వస్తుందంటున్నారు, నిజమేనా? రేటు చూస్తే ఒక్కో మార్కరుకి ఒక సాదా జాకెట్టు కుట్టుకూలి పోయేలా ఉంది. అందుకే అడుగుతున్నా.


టీస్క్వేర్ (హైదరాబాద్):

కోటిపల్లి గారూ, కాపిక్ సంగతి తర్వాత. ముందు కాగితం. మీ కష్టాల్లో సగం దానివల్లే.

నేను ఆర్కిటెక్ట్ ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరినవాణ్ణి. త్రీడీలు రాకముందు క్లయింటుకి చూపించే ఎలివేషన్లన్నిటికీ (భవనం ముందు వైపు బొమ్మలకి) మార్కర్లతోనే రంగులు వేసేవాళ్లం. అప్పట్లో కొన్ని మార్కర్లలో జైలీన్ అనే ఘాటు ద్రావకం ఉండేది, తలుపులేసుకుని గంటసేపు కూర్చుంటే తల దిమ్మెక్కేది. ఇప్పటివి ఆల్కహాల్‌వి, వాటంత ఘాటు కాదు. అయినా కిటికీ తీసి ఉంచుకోండి.

మీ మార్కరులో ఉన్నది ఆల్కహాల్‌లో కరిగిన డై. వాటర్ కలర్‌లో పొడి రేణువులు కాగితం మీద కూర్చుంటాయి, తడిపి అద్దితే కొంత లేస్తాయి. ఈ డై అలా కాదు, ఆల్కహాల్‌తో పాటు కాగితం పీచులోకి దిగుతుంది, ఆల్కహాల్ ఆవిరైపోయాక అక్కడే ఉండిపోతుంది. డ్రాయింగ్ బుక్కుల్లో వచ్చే కార్ట్రిడ్జ్ కాగితం గరుగ్గా ఉండి బాగా పీలుస్తుంది. వాటర్ కలర్‌కి అది వరం. మార్కరుకి అదే శాపం, మొన పెట్టగానే తాగేస్తుంది, మార్కరు కూడా తొందరగా ఖాళీ అవుతుంది.

మీకు పనికొచ్చేవి రెండు రకాలు. ఒకటి మార్కర్ ప్యాడ్. 70 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం బరువు, గ్రాముల్లో) అటూఇటూగా పల్చగా ఉంటుంది, ఇంకు వెనక్కి దిగకుండా పూత ఉంటుంది. కాస్త పారదర్శకం కూడా, కింద మీ పెన్సిల్ స్కెచ్ పెడితే పైకి కనిపిస్తుంది. ట్రేసింగ్ చేతిలో ఉన్న మీకు ఇది హాయి. రెండోది బ్రిస్టల్ అనే నున్నటి మందపాటి కాగితం, 250 జీఎస్ఎం. దీనిలో వెనక్కి కొంచెం దిగినా పైన రంగు మీద రంగు ఎన్నిసార్లయినా పడుతుంది. బ్రుస్ట్రో వాళ్ల అల్ట్రా స్మూత్ బ్రిస్టల్ ఆన్‌లైన్లో దొరుకుతుంది. గ్లాసీ బోర్డు మాత్రం వద్దు, ఇంకు పైనే తేలి చేతికి అంటుకుంటుంది. ఏ కాగితమైనా కింద ఒక రద్దు షీటు పెట్టుకోండి.

ఔట్‌లైనుకి జెల్ పెన్నూ బాల్ పెన్నూ రెండూ పనికిరావు, ఆల్కహాల్‌కి కరిగిపోతాయి. పిగ్మెంట్ ఇంకు (కరగని పొడి రేణువుల ఇంకు) ఉన్న సన్నమొన ఫైన్‌లైనర్ తీసుకోండి, సకురా పిగ్మా మైక్రాన్ గానీ యూని పిన్ గానీ. గీశాక బాగా ఆరనివ్వండి. పైసా ఖర్చు వద్దనుకుంటే మా పాత ఆఫీసు కిటుకు: స్కెచ్ పెన్సిలుతో పూర్తి చేసి, లేజర్ జిరాక్స్ తీయించి, ఆ కాపీ మీద రంగు వేయండి. టోనరు (జిరాక్సు నల్లపొడి) గీత కదలదు. 1987లో కాపిక్ మార్కర్లు వచ్చినప్పుడు వాళ్లు చూసుకున్నదే అది, జిరాక్స్ గీతల మీద రుద్దినా నలుపు కరగకూడదని. ఇంట్లో ఇంక్‌జెట్ ప్రింటరుంటే దాని జోలికి పోవద్దు, ఆ గీత పాకే అవకాశం ఎక్కువ.

ఇంకొక్కటి. డబ్బు పెట్టదలిస్తే రంగులు కాదు, నాలుగు గ్రేలు కొనండి. ముందు గ్రేతో నీడలు వేసి, పైన రంగు వేస్తే బొమ్మకి ఒళ్లు వస్తుంది.


కరక్కాయ (శ్రీకాళహస్తి):

కాగితం గురించి పైన చెప్పింది మా ఇంట్లో గుడ్డకి చేసేదేనండి. కలంకారీ మా నాన్న పని, ఇప్పుడు నాదీ అదే. ముందు గుడ్డని కరక్కాయ పొడి కలిపిన గేదె పాలలో ముంచి ఆరబెడతాం. పాలలో కొవ్వు ఉండబట్టే కలం పెట్టినచోట రంగు పాకకుండా నిలబడుతుంది. పాలు పల్చనైన రోజు గీత పక్కన నూగు నూగుగా లేస్తుంది, ఎంత మంచి చెయ్యయినా ఏమీ చేయలేదు. మీ బిందె వెనక పేజీలకి దిగిందని బాధపడకండి, పాలు లేని గుడ్డ మీద గీశారంతే.

ఇక చారలు. మా కలం అంటే వెదురు పుల్ల, మొనకి కాస్త పైన ఉన్ని చుట్టి దారంతో కట్టి ఉంటుంది. ఉన్ని రంగుని పీల్చుకుంటుంది, గీసేటప్పుడు వేలితో నొక్కితే కావలసినంతే దిగుతుంది. మీ మార్కరులో ఆ పీచు గొట్టం లోపల ఉంది, నొక్కే అవకాశం మీకు లేదు. మొన కాగితానికి ఆని ఉన్నంతసేపూ ఇంకు దిగుతూనే ఉంటుంది. కాబట్టి ఆగకూడదు, ఆలోచించాలంటే చెయ్యి పైకెత్తి ఆలోచించాలి.

చార ఎందుకొస్తుందంటే, మొదటి గీత అంచు ఆరిపోయాక రెండో గీత దాని మీదికి ఎక్కుతుంది. ఎక్కినంత మేరా రంగు రెట్టింపు, అదే చార. తడి ఆరకముందే పక్క గీత కలవాలి. బిందె పొట్టంతా ఒకేసారి ఎత్తుకోకండి. మెడ, భుజం, నడుము, అడుగు... ఇలా విడగొట్టుకుని ఒక్కో ముక్కని బ్రష్షు మొనతో, చిన్న చిన్న సున్నాలు చుడుతున్నట్టు, తడి అంచుని వెంటబెట్టుకుని వెళ్లండి. గోడలాంటి పెద్ద చోట్లకి వెడల్పు మొన వాడండి. మొదటిసారి కాస్త మచ్చమచ్చగా వచ్చినా పర్లేదు, అదే రంగుతో ఇంకోసారి పైనుంచి పోతే చాలావరకు సర్దుకుంటుంది. ఇంకు కొంచెం పక్కకి పాకుతుంది కాబట్టి గీతకి వెంట్రుకవాసి ఇవతలే ఆపండి, మిగతాది అదే పాకుతుంది.

ఫ్యాను! మీ ఊళ్లో ఈ ఎండల్లో ఫ్యాను కింద కూర్చుని వేస్తే గీతకీ గీతకీ మధ్యే ఆరిపోతుంది. పొద్దున్నే చల్లటి వేళ, కిటికీ తీసి, ఫ్యాను కట్టేసి వేసి చూడండి, తేడా మీకే తెలుస్తుంది.

ఏం కలపాలి అన్నారు కదా, లేత రంగు మార్కరే మీ నీళ్లు. ముందు లేతది మొత్తం వేయండి. తడి ఉండగానే నీడ వైపు ముదురుది పెట్టండి. మళ్లీ లేతది తీసుకుని రెండూ కలిసే సరిహద్దు మీద రుద్దండి. లేతదాంట్లో ఉన్న ఆల్కహాల్ ముదురు డైని కాస్త కరిగించి లాగుతుంది, అంచు కరిగిపోతుంది. మధ్య ఛాయ ఒకటి చేతిలో ఉంటే ఇంకా సులువు. రంగులేని బ్లెండరు అని సెట్టులో ఒకటి ఉంటే అది చెరిపేసే రబ్బరని అనుకోకండి. అది రంగుని తోసేస్తుందే గానీ తీసేయదు.


పొట్టిపెన్సిల్ (గుంటూరు):

అక్కా, నేను బీటెక్ థర్డ్ ఇయర్, క్లాసులో వెనక బెంచీలో కామిక్సు వేసే బ్యాచ్. ఒంటి రంగు బాధ నాదీ. యూట్యూబులో చూసే ట్యుటోరియల్స్‌లో అందరూ తెల్లగా ఉంటారు, వాళ్లు చెప్పిన మార్కర్లు కొంటే మా అమ్మమ్మ మొహం జ్వరమొచ్చినట్టు వచ్చింది.

ముందు ఈ పని చెయ్యండి అక్కా. బొమ్మ వేసే కాగితం మీదే చిన్న చిన్న గళ్లు గీసి, అరవై మార్కర్లూ ఒక్కో గడిలో వేసి, కింద దాని నంబరు రాయండి. గడిలో సగం ఒక్కసారి, సగం రెండుసార్లు. ఆరాక చూడండి, తడిగా ఉన్నప్పుడు ముదురుగా కనిపిస్తాయి, ఆరితే తేలతాయి. మూత రంగుని ఇక ఎప్పుడూ నమ్మకండి, ఆ చార్టే మీ మూత.

చార్టు అయ్యాక "స్కిన్" అని రాసి ఉన్నవాటిని చెంపలకీ పెదాలకీ పక్కన పెట్టేసి, ఓకర్ (మట్టి పసుపు), ఇసుక రంగు, బ్రౌన్ వరసలో మూడు ఏరండి: వెలుగుకి ఒకటి, అసలు ఒంటికి ఒకటి, నీడకి ఒకటి. మూడూ ఒకే జాతివి కావాలి, అన్నీ పసుపు వైపు మొగ్గేవో, అన్నీ ఎరుపు వైపు మొగ్గేవో. కాపిక్‌లో అయితే ఇది నంబరు చూస్తేనే తెలుస్తుంది. అక్షరం రంగు కుటుంబం, ఈ (E) అంటే మట్టి రంగులు. మొదటి అంకె ఎంత పెరిగితే రంగు అంత మసకబారినట్టు, చివరి అంకె ఎంత పెరిగితే అంత ముదురు. మొదటి అంకె ఒకటే అయితే అవి ఒకదాంట్లో ఒకటి బాగా కలుస్తాయి. నేను వాడేది ఈ33, ఈ35, ఈ37. మన చామనఛాయకి సరిగ్గా సరిపోతాయి. ఇంకా నల్లగా ఉన్నవాళ్లకి ఈ37 అసలు ఒంటి రంగయిపోతుంది, నీడకి ఇంకా ముదురు బ్రౌనో, ఊదా కలిసిన గ్రేనో. నలుపు మాత్రం పెట్టకండి, మొహం మీద కన్నం పడినట్టుంటుంది. ముక్కు మీద, నుదుటి మీద మెరుపుకి తెల్ల కాగితం వదలక్కర్లేదు, లేత బ్రౌన్ వదిలితే చాలు. నూనె రాసిన జుట్టుకి మాత్రం తెలుపు వదలాలి.

కాపిక్ సెట్టు కొనద్దు. స్కెచ్ రకంలో 358 రంగులున్నాయి, అన్నీ కొనాలంటే పొలం అమ్మాలి. మీ సెట్టులో లేని ఛాయలు మాత్రం విడిగా ఒకటీ రెండూ కొనుక్కోండి. వాటికి రీఫిల్ ఇంకు సీసాలు, మార్చుకునే మొనలు దొరుకుతాయి, పెట్టిన డబ్బు అక్కడ గిట్టుబాటు. చవక సెట్లలో చాలావాటికి ఆ సౌకర్యం ఉండదు, ఇంకు అయిపోతే చెత్తబుట్టే. కానీ నేర్చుకోడానికి అవి బాగానే సరిపోతాయి.

టీస్క్వేర్ సార్‌తో ఒక్క దగ్గర ఒప్పుకోను. బిల్డింగులకి గ్రే ఓకే. పసుపు కింద గ్రే పెడితే ఆకుపచ్చగా, మురికిగా అవుతుంది సార్. ఇత్తడికి అస్సలు వద్దు.


టీస్క్వేర్ (హైదరాబాద్):

పొట్టిపెన్సిల్, వార్మ్ గ్రే అని గోధుమ వైపు మొగ్గే గ్రేల వరస ఒకటి ఉంటుంది బాబూ. నీలం వైపు మొగ్గే కూల్ గ్రే పెడితే నువ్వన్నది నిజం. ఎలివేషన్లో పసుపు గోడల నీడలన్నీ మేం వార్మ్ గ్రేతోనే వేశాం, ఏ క్లయింటూ మురికనలేదు.


పొట్టిపెన్సిల్ (గుంటూరు):

గోడ మెరవదు కదా సార్.


కోటిపల్లిబస్టాండు (రాజమండ్రి):

అందరికీ చాలా థాంక్సండీ. బ్రిస్టల్ కోసం ఊళ్లో స్టేషనరీ షాపుల్లో అడిగితే చార్టు పేపరు తీసిచ్చారు, కాదంటే పెళ్లికార్డు అట్ట చూపించారు. చివరికి ఆన్‌లైన్లో తెప్పించుకున్నా.

ముందు పొట్టిపెన్సిల్ తమ్ముడు చెప్పిన చార్టు వేశాను. ఎంత విచిత్రమో! మూత మీద ఆకుపచ్చ అని ఉన్నవాటిలో రెండు కాగితం మీద నీలం. "ఐవరీ" అని ఉన్నదేమో అసలు కనిపించడం లేదు, వేలు పెట్టి తడి ఉందని తెలుసుకోవాల్సి వచ్చింది. దాన్ని పారేయకుండా, కరక్కాయ గారు చెప్పినట్టు కలపడానికి వాడుతున్నా. మార్కర్లని మూత రంగు చూసి కాకుండా చార్టు వరసలో సర్ది పెట్టాక ఇప్పుడు చెయ్యి తిన్నగా కావలసినదాని మీదికే వెళ్తోంది, దారం ఉండల డబ్బా దగ్గర ఎలా వెళ్తుందో అలా.

ఫ్యాను కట్టేసి, పొద్దున్నే పాలవాడు వచ్చే వేళకి కూర్చున్నా. చెమటలు పట్టాయి గానీ చారలు తగ్గాయి. పూలావిడ మొహం కుదిరింది! నా సెట్టులో 'స్కిన్' అని లేని మూడు బ్రౌన్లతోనే. ఎర్ర చీర కొంగు దవడ కిందికి వచ్చినచోట ఒక పిసరు నారింజ పెట్టాను, చీర రంగు ఒంటి మీద పడ్డట్టు వచ్చేసింది. అది మాత్రం ఎవరూ చెప్పలేదు, నాకే తట్టింది. మా ఆయన చూసి "ఈవిడ దగ్గరే కదా మనం మల్లెపూలు కొన్నది" అన్నారు. ఇంతకన్నా మార్కులు ఏ హయ్యర్ పరీక్షలోనూ రాలేదు నాకు.

బిందె మాత్రం ఇత్తడి కాలేదు. నున్నగా, చక్కగా, ఎక్కడా చార లేకుండా పసుపు రంగు ప్లాస్టిక్ బిందె అయింది. గ్రే పెట్టీ చూశా, పెట్టకుండానూ చూశా. నా దగ్గరున్నది కూల్ గ్రేనే అనుకుంటా, ఆకుపచ్చగా తిరిగింది. ఏం చేయాలి?


కరక్కాయ (శ్రీకాళహస్తి):

మీరు మరీ నున్నగా కలిపేశారు, అదే ఇబ్బంది. నున్నగా కలిస్తే ప్లాస్టిక్కు, రబ్బరు, పండు. మెరిసే లోహంలో వెలుగూ చీకటీ పక్కపక్కనే ఉంటాయి, మధ్యలో ఛాయలు తక్కువ.

బిందె ముందు కూర్చుని కళ్లు సగం మూసి చూడండి. ఇత్తడి తన రంగు చూపించేది తక్కువ, చుట్టూ ఉన్నదాన్ని చూపించేదే ఎక్కువ. కిటికీ ఒక తెల్ల ముక్కగా, పొట్ట వంపుతో పాటు వంగి కనిపిస్తుంది. దాని అంచు పదునుగా ఉంటుంది. ఆ ముక్క ఆకారాన్ని పెన్సిలుతో గీసుకుని వదిలేయండి, అక్కడ మార్కరే పెట్టద్దు. దాని పక్కనే, ఆనుకుని, ముదురు పట్టీ ఒకటి నిలువుగా ఉంటుంది చూడండి, అది మీరే, మీ నీడ. అక్కడ ముదురు బ్రౌన్ పెట్టండి, కలపకండి. కింద అడుగు వైపు నేల రంగు పడుతుంది, ఎర్ర గచ్చయితే ఎరుపు కలిసిన బ్రౌను. మిగతా అంతా లేత పసుపు, దాని మీద ఓకర్. నీడలో ఒక్కచోట ఆలివ్ పచ్చ కొంచెం వేస్తే పాత ఇత్తడి అవుతుంది. చింతపండుతో తోమిన రోజు వేస్తే అది వద్దు.

మెడ దగ్గర ఇవే పట్టీలు సన్నబడి దగ్గరికొస్తాయి. అంచు మీద సన్నటి తెల్ల గీత, దాని కిందే ముదురు గీత. ఎక్కడైనా సొట్ట ఉందా? ఉంటే అదృష్టం. సొట్ట దగ్గర పట్టీలన్నీ వంకర తిరిగి సుడిలా వస్తాయి, దాన్ని ఉన్నదున్నట్టు వేయండి. చూసినవాడు సొట్టని చూసే ఇత్తడని నమ్ముతాడు. చివర్లో తెల్ల జెల్ పెన్నుతో ఒకటో రెండో చుక్కలు, అంతకుమించి వద్దు.


కోటిపల్లిబస్టాండు (రాజమండ్రి):

సొట్టా? అమ్మ బిందెకి సొట్టలు తప్ప ఏమున్నాయండీ! బావి గట్టు మీద కొట్టుకున్నదొకటి, మా అన్నయ్య తన్నినదొకటి.

వేశాను. నిజంగానే ఇత్తడైంది. ముదురు పట్టీ పెట్టేటప్పుడు బొమ్మంతా పాడైపోతుందేమోనని చెయ్యి వణికింది గానీ, పెట్టాక కాగితం దూరంగా పట్టుకుని చూస్తే మెరుపు ఒక్కసారిగా పైకొచ్చింది. దీన్ని ఫ్రేము కట్టించి అమ్మా వాళ్ల వరండాలో పెడదామనుకుంటున్నా. అక్కడ పొద్దుటి ఎండ బాగా వస్తుంది, ఫర్వాలేదు కదా?


డాలస్‌డాబా (డాలస్):

అయ్యో, ఎండలో పెట్టకండి! ఈ ఇంకులు డైలు, వెలుతురుకి వెలుస్తాయి. కాపిక్‌వీ అంతే, ఖరీదుకీ దీనికీ సంబంధం లేదు. మా హాల్లో కిటికీకి ఎదురుగా మందార పువ్వు మార్కరు బొమ్మ పెట్టాను. గులాబీ ముందు పోయింది, తర్వాత ఊదా, ఇప్పుడు ఆకులూ కాడా మిగిలాయి. యూవీ గ్లాసు వేయిస్తే కొంత ఆలస్యం అవుతుందే గానీ ఆగదు.

బొమ్మని మంచి స్కానరులో 300 డీపీఐకి తగ్గకుండా స్కాన్ చేయించి, పిగ్మెంట్ ఇంకుతో ప్రింటు తీయించి, ప్రింటు ఫ్రేము కట్టించండి. అసలుది ఫైల్లో చీకట్లో ఉంటే రంగు చాలాకాలం నిలుస్తుంది. ఫోన్ ఫొటో తీసి ప్రింటు వేయిస్తే లేత పసుపులు ఎగిరిపోతాయి, మీ ఇత్తడి మళ్లీ ప్లాస్టిక్ అవుతుంది.

బొమ్మనే తగిలించాలని పట్టుదలగా ఉంటే, వెలుతురుకి నిలిచే కలర్ పెన్సిళ్లు, ఫేబర్ కాస్టెల్ పాలీక్రోమోస్ లాంటివి తీసుకుని, కింద మార్కరు పల్చగా వేసి, పైన అసలు పని పెన్సిలుతో చేయండి. కింద డై వెలిసినా పైన బొమ్మ నిలుస్తుంది. కాగితం గరుకు కూడా కప్పేస్తుంది.


టీస్క్వేర్ (హైదరాబాద్):

మార్కర్లని పడుకోబెట్టి ఉంచండి, నిలబెట్టద్దు. రెండు వైపులా మొనలున్నవి కాబట్టి నిలబెడితే ఇంకు కిందికి దిగి పై మొన ఎండుతుంది. మూత టక్కుమన్నదాకా నొక్కండి. బ్రష్షు మొనకి ముదురు రంగు అంటితే పాత కాగితం మీద గీస్తూ పోతే కడుక్కుంటుంది. కూల్ గ్రే ఏదైనా ఉంటే ఆకాశానికీ స్టీలు గ్లాసుకీ వాడండి. ఇత్తడి విషయంలో కుర్రాడే గెలిచాడు.


కోటిపల్లిబస్టాండు (రాజమండ్రి):

సరేనండి, వరండాకి ప్రింటే. ఒక చివరి ప్రశ్న. ఇది బొమ్మల కోసం కాదు, వ్యాపారం కోసం. శ్రావణంలో పెళ్లిళ్లున్నాయి. ఇన్నాళ్లూ కస్టమర్లకి డిజైను పెన్సిలుతో చూపించి, రంగులు దారాలు పక్కన పెట్టి ఊహించుకోమనేదాన్ని. ఇప్పుడు జాకెట్టు వీపు బొమ్మ బ్రిస్టల్ మీద వేసి మార్కర్లతో రంగు వేసి చూపిస్తుంటే, బేరం ఆడకుండా అడ్వాన్సు ఇస్తున్నారు. చిక్కల్లా జరీ, కుందన్లు. జరీకి పసుపు మార్కరు పెడితే అన్నం మీద పప్పులా ఉంది.


పొట్టిపెన్సిల్ (గుంటూరు):

అక్కా, జరీకి ముందు ఓకర్ మార్కరు. అది బాగా ఆరాక దాని మీద గోల్డ్ జెల్ పెన్నుతో సన్నటి గీతలు, ఒకే దిక్కుకి, కుట్టు ఎటుంటే అటు. గోల్డ్ పెన్ను ఎప్పుడూ చివర్లోనే, దాని మీద మార్కరు తగిలితే మెరుపు మొనకి అంటుకుని మార్కరు పాడవుతుంది. కుందన్‌కి మధ్యలో తెల్ల కాగితం వదిలేసి, చుట్టూ బ్రౌన్‌తో సన్నగా అంచు, పైమూల ఒక తెల్ల చుక్క. ముత్యానికైతే అంచు లేకుండా ఒక వైపు లేత గ్రే. టీస్క్వేర్ సార్ గ్రే ఇక్కడ పనికొస్తుంది.


కోటిపల్లిబస్టాండు (రాజమండ్రి):

భలే తమ్ముడూ. గురువారం ఒక పెళ్లికూతురూ వాళ్లమ్మా వస్తున్నారు, కూతురికి లేత గులాబీ కావాలంట, తల్లికి రాణీ రంగు కావాలంట. రెండూ వేసి పెడతా, వాళ్లే తేల్చుకుంటారు.